ఇంటి పనిముట్ల గది

"జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళే మాట వినరు. ఊరికే వచ్చేవాళ్ళ మీద నీ పెత్తనమేమిటి?" అన్నారు మా ఆయన. ఆయన చొక్కాకే గుండీ కుడుతున్నాను, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని. అవతల మా మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేసే ఒకావిడ. అత్తగారికి జ్వరమట, ఇవాళ రాలేరట.

"పర్లేదండీ, ఆవిణ్ణి చూసుకోండి. మీ చోట ఇంకొకరిని సర్దుతాను," అన్నాను.

"ఊళ్ళోవాళ్ళ అత్తలకు జ్వరాలొస్తే భలే కరిగిపోతుంది మా కోడలు," అన్నారు సోఫాలోంచి మా అత్తగారు.

నా ఉద్యోగమే అది. ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియం మాది. టిక్కెట్లు చింపడం దగ్గర్నుంచి పిల్లలకు గదులు చూపించడం దాకా జీతం లేని మనుషులే చేస్తారు. వాళ్ళను చూసుకోవడానికి కొద్దిపాటి జీతంతో నేను. మోకాళ్ళ నొప్పులావిడకు కుర్చీ ఉన్న గది ఇవ్వాలి. ఒకరంటే ఒకరికి పడని రిటైర్డు మేష్టార్లిద్దరినీ చెరో అంతస్తులో ఉంచాలి. సాయంత్రం గేటు దాటేలోగా ప్రతి మనిషికీ, ఆవేళ చేసిన పని ఎత్తి చెప్పి మరీ థాంక్స్ చెప్పాలి. జీతం లేని మనిషి రేపు మళ్ళీ రావాలంటే దక్కాల్సింది మర్యాద ఒక్కటే. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఇంట్లో ఇన్నేళ్ళుగా నాకేది దొరకలేదో అదే వాళ్ళకు ఇస్తున్నానని ఒకరోజు బస్సులో తట్టింది. ఆ ఆలోచనలో దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయాను.

ఆ ఏడాది కొత్త గది తెరుస్తున్నాం: ఇంటి పనిముట్ల గది. బొగ్గుల ఇస్త్రీపెట్టె, చేతి కుట్టుమిషను, తిరగలి, కవ్వం. ఇళ్ళిళ్ళూ తిరిగి అడిగి తెచ్చి, తుప్పు వదిలించి, ఏది ఎక్కడుండాలో వాదులాడుకుని పెట్టింది మా ఆడవాళ్ళే. వాళ్ళలో ముందుండేది మైకక్క. "మైకు మింగావా ఏమిటి, మెల్లగా ఏడువు," అని పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో అనిపించుకుని, ఆ పేరు తనే నవ్వుతూ మాకు చెప్పింది. మా దగ్గర మాత్రం గుసగుసగానే మాట్లాడేది.

తెరవడానికి వారం ఉందనగా డైరెక్టరుగారు పిలిచారు. "పెద్దవాళ్ళొస్తున్నారమ్మా. గది గురించి చెప్పడానికి బయటినుంచి ఒక యాంకరును మాట్లాడాను. మనవాళ్ళు టీలు అందిస్తే చాలు."

తలూపి వచ్చేశాను. ఇంట్లో చెబితే, "సర్దుకుపో. ఎలాగూ ఊరికే చేసేవాళ్ళే కదా, ఏ పనైతేనేం?" అన్నారు ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ మాట వాళ్ళ గురించి అన్నట్టు లేదు నాకు. పెళ్ళయిన నాటినుంచీ నేను సర్దుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సర్దీ సర్దీ ఈ ఇంట్లో అందరికీ చోటు చేశాను, నాకు తప్ప. ఇప్పుడు నన్ను నమ్మి వచ్చినవాళ్ళను కూడా అదే మూలకు సర్దనా?

మర్నాడు డైరెక్టరుగారి గదిలో కూర్చోకుండానే చెప్పాను. "టీలకు మావాళ్ళు రారు సార్. గది వాళ్ళే చూపిస్తారు."

"వాళ్ళు రామన్నారా?"

"నేను అడగను."

"ఊరికే చేసేవాళ్ళకు ఇన్ని పట్టింపులేమిటమ్మా?"

"ఊరికే చేస్తున్నారు గనకే, ఏం చెయ్యాలో వాళ్ళిష్టం సార్. కాదంటే ఆరోజు తలుపు తీయడానికి కూడా ఎవరూ ఉండరు. నేనూ ఉండను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. "సరే, కానివ్వండి. తేడా వస్తే మీదే బాధ్యత."

"నాదే సార్."

ఆరోజు రానే వచ్చింది. మైకక్క మెట్ల వెనక నక్కి నా చెయ్యి పట్టుకుంది. "నా గొంతు తెలుసుగా. అందరూ నవ్వుతారేమో."

"చిట్టచివర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడాలి. అందుకే నిన్ను పెట్టాను," అన్నాను.

వెళ్ళింది. మొదటి మాట గొణిగింది. రెండోది కాస్త లేచింది. మూడో మాటకు గది గదంతా ఇటు తిరిగింది. ముఖ్య అతిథి చేతికి ఇస్త్రీపెట్టె ఇచ్చి, "చెయ్యి చాపి పట్టుకోండి సార్, నేను చెప్పడం అయ్యేదాకా," అంది. రెండు ముక్కలు చెప్పేలోపే ఆయన చెయ్యి కిందికి జారిపోయింది.

"నిప్పులు లేకుండానే ఇంత బరువు సార్. వీటిని పట్టుకున్న చేతుల్ని, ఏం చేస్తున్నావని అడిగితే ఏమీ చెయ్యడంలేదు, ఇంట్లోనే ఉంటున్నానని చెప్పేవి!"

ముందు నవ్వారు. ఆ తర్వాత చప్పట్లు, ఎక్కడో వెనకనుంచి ఒక ముసలావిడ మొదలుపెట్టినవి. హాల్లో బల్లమీద పెట్టిన టీలు అతిథులే పోసుకుని వచ్చి మళ్ళీ చుట్టూ మూగారు. మైకక్క గొంతు ఆరిపోతే, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చారు డైరెక్టరుగారే!

"వీళ్ళనిలా తయారుచేసిందెవరండీ?" అని ముఖ్య అతిథి అడుగుతుంటే నా ఫోను మోగింది. మా ఆయన.

"ఎక్కడున్నావ్? మా బాబాయివాళ్ళొచ్చారు. భోజనానికి ఉంటారట."

"నాకు ఆలస్యమవుతుంది. ఈపూట వంట మీరు చెయ్యండి."

"నాకు రాదుగా?"

మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళతో ఎలా మాట్లాడతానో అలాగే, ఎంతో మర్యాదగా అన్నాను: "మొదటిరోజు ఎవరికీ రాదండీ. మొదలుపెట్టండి, అదే వస్తుంది."