వాగు మీద అతకని వంతెన

నార్వే నుంచి వచ్చి అమెరికాలోని విస్కాన్సిన్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి రాగ్నిల్డ్‌కు ఒకటే తలనొప్పి, వాగు. గోధుమలు మర పట్టించాలంటే అవతలి గట్టున జర్మన్ల ఊళ్లోని మిల్లుకు పోవాలి. వాగు పొంగిందంటే బండి కదలదు, ఇంట్లో రొట్టె ఉండదు.

ఆ వసంతంలో రెండు ఊళ్లూ వంతెనకు ఒప్పుకున్నాయి. ఇటు నుంచి నార్వేవాళ్లు, అటు నుంచి జర్మన్లు కట్టుకొచ్చి నడుమ కలవాలి. ఒకరి భాష ఒకరికి రాదు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ అరుచుకుని, అంతా అర్థమైనట్టు తలలాడించారు.

తీరా నడుమకొచ్చేసరికి జర్మన్ల సగం మోకాలెత్తు పైన తేలింది.

"వాళ్ల అడుగు కొలత వేరు, మనది వేరు. తప్పు వాళ్లదే, వాళ్లే విప్పాలి," అన్నాడు ఆమె భర్త టార్కెల్. అవతలి నుంచి మిల్లు యజమాని ఏదో అరిచాడు. భాష రాకపోయినా, అతనిదీ అదే మాటని అందరికీ తెలిసింది.

పంట ఇంటికొచ్చింది. వంతెన అలాగే ఉంది.

"ఏమయ్యా, పిండి నిండుకుంది."

"పౌరుషం ఉండక్కర్లా? మనం ముందు తగ్గితే ఈ దేశంలో మన మాట ఎవడు వింటాడు?"

"ఇప్పుడెవడు వింటున్నాడట? నేనొక్కదాన్నే వింటున్నా. నాకూ విసుగొచ్చింది."

రాగ్నిల్డ్ విసవిసా పశువుల కొట్టానికి పోయి తలుపు ఊడబీకింది. గుర్రానికి కట్టి వంతెన నడుమకు ఈడ్చుకెళ్లింది. అవతలి సగం మీద మిల్లు యజమాని పెళ్లాం ఒటీలియా చేతులు కట్టుకుని చూస్తోంది.

"నువ్వు. పట్టు. పైకి," అంది రాగ్నిల్డ్ వచ్చీరాని ఇంగ్లీషులో.

"తలుపా?"

"తలుపే."

ఒటీలియా గౌను ఎగదోపి ఆ కొస అందుకుంది. తలుపును రెండు సగాల నడుమ ఏటవాలుగా ఆనించి ఇద్దరూ మేకులు దిగ్గొట్టారు.

"మీ మగవాళ్లు?" అడిగింది ఒటీలియా.

"మొండి."

"మావాళ్లు ఇంకా మొండి."

ఆ పూటే రాగ్నిల్డ్ బస్తా మోసుకెళ్లి పిండి తెచ్చుకుంది. రెండ్రోజుల తర్వాత టార్కెల్‌తో సహా రెండు ఊళ్ల మగవాళ్లూ, ఎవరూ ఎవరి మొహం చూడకుండా, తలుపు తీసి బండి పోయేలా ఏటవాలుగా దుంగలు బిగించారు.

మరుసటేడు రాగ్నిల్డ్ కొడుకులు, ఒటీలియా కూతుళ్లు ఆ ఏటవాలు మీదే చేరి, అమ్మలకు అందనంత వేగంగా ఇంగ్లీషులో గలగలా మాట్లాడసాగారు. భోజనానికి రమ్మని రాగ్నిల్డ్ నార్వే భాషలో ఎంత అరిచినా, జవాబు ఇంగ్లీషులోనే వచ్చేది.

"ఏమంటున్నారు వీళ్లు?" అంది ఒటీలియా.

"నన్నడక్కు తల్లీ," అంది రాగ్నిల్డ్, విసుగ్గా మళ్లీ కేకేస్తూ.