ఆరు మంచాల నిబంధన

బురుల్‌కాన్ గదిలోని ఆరు మంచాలూ ఆరు ఇళ్ల నుంచి అరువు తెచ్చినవి. ఇంట్లో పరాయి పిల్లల్ని చూసుకోవాలంటే లైసెన్సు ఉండాలని, అది రావాలంటే ఒక్కో బిడ్డకీ కాళ్లున్న మంచం వేయాలని తనిఖీకి వచ్చిన మీర్గుల్ పోయిన నెల రాసిచ్చి వెళ్లింది. ఈరోజు లైసెన్సు రాకపోతే రేపు గది మూసెయ్యాలి. అప్పుడు బిష్కెక్ బజారులో కొట్లు నడుపుకునే ఆరుగురు తల్లులు పిల్లల్ని సరుకు మూటల మధ్య పడుకోబెట్టుకోవాలి.

మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుంటే మీర్గుల్ మంచాల మధ్య ఎడం టేపుతో కొలుస్తోంది. అంతలో ధబ్బుమని చప్పుడు. పుట్టినప్పటి నుంచి బొంత మీద దొర్లుతూ నిద్రపోయే మూడేళ్ల ఎర్నిస్ అలవాటు కొద్దీ దొర్లి కింద పడ్డాడు. నుదురు బొప్పి కట్టింది.

బురుల్‌కాన్ వాణ్ణి ఎత్తుకునేలోపే మీర్గుల్ కలం తీసింది.

"ఏం రాస్తున్నావే?"

"బిడ్డకి దెబ్బ తగిలిందని. లైసెన్సు కుదరదక్కా."

"పదకొండేళ్లుగా నేల మీద బొంతలేసి పడుకోబెట్టాను. ఒక్కడు పడ్డాడా? నేల మీంచి ఇంకెక్కడికి పడతారే? నువ్వేమైనా పట్టెమంచం మీద పెరిగావా?"

మీర్గుల్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనూ బొంత మీదే పెరిగాను. నిబంధన రాసింది నేను కాదు."

"రాసినవాణ్ణి తీసుకురా. దీని మీద పడుకోబెట్టి నేనే దొర్లిస్తాను!"

ఎర్నిస్ ఏడుపు ఆగలేదు. మీర్గుల్ కాగితాలు పక్కన పెట్టి, వంటగదిలోంచి చల్లటి గరిటె తెచ్చి, బొప్పి మీద మెల్లగా అదిమింది. బురుల్‌కాన్ కోపం అంగుళం కూడా దిగలేదు.

"రాస్తే నిజమంతా రాయి. వీణ్ణి ఎవరు చెబితే పైకెక్కించానో అదీ రాయి."

మీర్గుల్ కాగితాలు మళ్లీ అందుకుంది. రాసి, చదివి వినిపించింది. "తనిఖీ అధికారి ఆదేశం మీద వేసిన మంచం నుంచి పడ్డాడు. నేల మీద పడుకున్నన్నాళ్లూ ఏ ప్రమాదమూ లేదు." కింద సంతకం చేసింది. "ఇది పైకి వెళ్తే, తప్పు మా ఆదేశానిదా కాదా తేల్చడానికి నెల పడుతుంది. అందాకా మీ గది ఎవరూ మూయించలేరు. నాకు మాత్రం చీవాట్లు తప్పవు."

"నెల తర్వాత?"

"మళ్లీ పోట్లాడండి."

"పోట్లాడతాను. నీతోనే మొదలుపెడతాను." ఎర్నిస్‌ని బొంత మీద పడుకోబెట్టి, బురుల్‌కాన్ వాడి మంచం తలవైపు పట్టుకుంది. "చూస్తావేం? ఆ కొస పట్టు."

ఇద్దరూ కలిసి మంచాన్ని వాకిట్లోకి మోశారు.