సేనాపతి పోయిన పేజీ

చచ్చినవాడు మంచినీళ్లు అడగడమేమిటి, అదీ చచ్చిన పదహారు రోజుల తర్వాత, బురుజు మీద నిలబడి, పొట్ట పట్టుకుని, ఎవరక్కడ, కాసిని నీళ్లు, అంటూ, తప్పు చదివానేమో అని బైండరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు, తుడిచినా సేనాపతి నీళ్లే అడుగుతున్నాడు, వెనక్కి ముప్ఫై పేజీలు తిప్పితే ధాన్యపు కొట్టు చూసుకునే ఆవిడ, సేనాపతి పోయి ఇవాళ్టికి పదహారు రోజులు, అని ఎవరికో చెబుతూనే ఉంది, వెనక్కి తిప్పితే ఆవిడ కబురు, ముందుకి తిప్పితే ఈయన దాహం, పుస్తకం ఇప్పుడే బిగింపులోంచి తీసింది, జిగురు ఎండింది, ఎర్ర కాలికో గుడ్డ అట్ట నున్నగా, ముచ్చటగా ఉంది, పేజీలు అంటుకున్నాయేమో చూద్దామని ఊరికే తిప్పాడు, తిప్పకపోయినా బాగుండేది, ఫారాలు, అంటే కుట్టే పేజీల మడతకట్టలు, తారుమారయ్యాయి, ఈ చేతులతోనే, మావయ్యగారి పుస్తకంలోనే, ఆయన అయిదింటికి వస్తానన్నారు, గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

ఇంకొకరి పుస్తకమైతే రెండు రోజులు గడువు అడిగేవాడు, అబద్ధాలకేం కొదవ, జిగురు ఆరలేదనొచ్చు, కరెంటు పోయిందనొచ్చు, కానీ ఇది భార్య తండ్రిది, హెడ్మాస్టరుగా మనిషి రిటైరయ్యారు గానీ గొంతు ఇంకా కాలేదు, రేపు పొద్దున లైబ్రరీ హాల్లో ఈ యుద్ధం నవల గురించీ, దాన్నిబట్టి తీసిన టీవీ సీరియల్ గురించీ ఆయన ఉపన్యాసం, ఆహ్వానాలు అచ్చేసి పంచేశారు కూడా, చేత్తో ఎత్తి చూపిస్తూ మాట్లాడాలయ్యా, గట్టిగా ఉండాలి, అని మరీ చెప్పారు, ఏమయ్యా, ఇన్ని పుస్తకాలకి అట్టలేస్తావు, ఒక్కదాని లోపలికైనా తొంగిచూశావా, అని పెళ్లయిన వారానికే అడిగిన మనిషి, పద్దెనిమిదేళ్లయినా ఆ ప్రశ్న జవాబు లేకుండా అలాగే ఉంది, దర్జీ తను కుట్టిన చొక్కాలన్నీ తొడుక్కుంటాడా ఏం, అని ఒకసారి భార్య దగ్గర అంటే ఆవిడ ఆ ముక్కని తిన్నగా పుట్టింటికి చేరవేసింది, పోనీ, చదవనివాడే, కానీ పనిలో వంక పెట్టే సందు మాత్రం ఇన్నేళ్లలో ఆయనకి ఇవ్వలేదు, ఒక్క పేజీ తలకిందులు కాలేదు, ఒక్క ఫారం అటూ ఇటూ కాలేదు, మిగిలింది ఆ ఒక్క గర్వమే, అదీ అయిదింటికి ఆఖరు.

తప్పు చెదపురుగులది, కాదు, సీరియల్‌ది, ఎవరిదో అనుకుంటే మాత్రం ఏం లాభం, తనదే, పురుగులు కింది అంచంతా తినేశాయి, పేజీ నంబర్లు, ఫారం నంబర్లు, అడుగున రెండు వరసలు, అన్నీ వాటి పొట్టలోకి వెళ్లాయి, దారం చివికి తెగి పదహారేసి పేజీల ఫారాలు ఇరవై దేనికది ఊడి వచ్చాయి, అలాంటప్పుడు బుద్ధున్న బైండరు కూర్చుని చదివి, ఏది దేని తర్వాతో పోల్చుకుంటాడు, తను చదవలేదు, చదవడమెందుకు, కథ తెలుసు కదా, ఇరవై ఆరు ఆదివారాలు మావయ్యగారింట్లో ఆ పెద్ద టీవీ ముందు కూర్చుని చూసిన కథే కదా, కోట, ముట్టడి, ఆకలి, ధాన్యపు కొట్టు, ఆఖర్న వానలో సేనాపతి మరణం, నాలుగు వారాలు పోయాడు మహానుభావుడు, మొదటి వారం బాణం తగిలింది, రెండో వారం ఒరిగాడు, మూడో వారం పడుకుని చిన్నతనమంతా తలుచుకున్నాడు, నాలుగో వారం సబ్బు ప్రకటనకీ సిమెంటు ప్రకటనకీ మధ్య కన్నుమూశాడు, భార్య సోఫా కవరు తడిపేసింది, కాబట్టి కొట్టు కనబడ్డ ఫారాలు ముందు, సేనాపతి కనబడ్డవి వెనక, పేకముక్కల్లా సర్దేసి కుట్టిపారేశాడు, పైగా ఈల వేస్తూ, ఆ సీరియల్ పాటే.

సరే, కత్తి తీసి అట్ట చీల్చాడు, కుట్లు విప్పాడు, ఇరవై ఫారాలూ బల్ల మీద పరిచాడు, సేనాపతి ఎక్కడ పోయాడో దొరికితే చాలు, దానికి ముందువి ఒకవైపు, తర్వాతవి ఒకవైపు, అనుకుని మొదటిది చేతిలోకి తీసుకున్నాడు, తీసుకోగానే పేచీ, ఈ సేనాపతి పొట్టివాడట, బట్టతలట, కడుపులో నొప్పట, ఇదెక్కడి అన్యాయం, టీవీలో ఆయన ఆరడుగుల మనిషి, ముట్టడి ఆరు నెలలైనా జుట్టు చెదరలేదు, ఈయన వేరే సేనాపతేమో, అసలాయన వెనక వస్తాడేమో అని నాలుగు పేజీలు ఓపిక పట్టాడు, రాలేదు, ఈ పొట్టాయనే సిపాయిల దగ్గరికి వెళ్లి నీ పేరేమిట్రా అని అడుగుతాడు, మర్చిపోతాడు, మళ్లీ వెళ్లి అడుగుతాడు, మూడోసారి వాళ్లు నవ్వుతూ తప్పుడు పేర్లు చెబుతారు, ఆయనకి తెలుసు, అయినా ఊరుకుంటాడు, అక్కడ బైండరు కూడా నవ్వాడు, నవ్వి, షాపులో ఎవరైనా చూశారా అని తల తిప్పాడు, ఎవరూ లేరు, ఫోను మోగింది, భార్య, అన్నానికి రాలేదేం, చదువుతున్నా, అన్నాడు, ఒంట్లో బాగానే ఉందా, అంది, బాగానే ఉంది పెట్టెయ్ అని మళ్లీ కోటలోకి వెళ్లిపోయాడు, ఆరున్నర అడుగుల గోడ దగ్గర ఆ చిన్న మనిషి నిచ్చెన కోసం అరుస్తున్నాడు, ఆరడుగుల నటుడు ఎప్పుడు తెర దిగిపోయాడో తెలియలేదు.

మూడున్నర అయింది, సేనాపతి ఇంకా పోలేదు, బైండరు వాన కోసం వెతికాడు, ఈ నవలలో చుక్క వాన లేదు, అందుకే కదా దాహం, బాణం కోసం వెతికాడు, అవీ లేవు, ఆఖరి మాటలో, చేతిలోంచి జారే కత్తో ఏదో ఒకటి ఉండాలి కదా, ఇంత మనిషి ఊరికే పోతాడా, పిండి పంచే ఫారాన్ని రెండుసార్లు తిరగేసి పక్కన పెట్టాడు, అందులో ఏముంది, పిండి, మూడోసారి వేలు పెట్టి వరస వరసా చదివితే ఒకచోట వేలు ఆగింది, ఆ రోజు పిండి మనిషికి గుప్పెడే వచ్చింది, తెల్లవారుజామున సేనాపతి పోయాడు, ఉప్పు మాత్రం ఇంకా ఉంది, అంతే, తర్వాతి వాక్యంలో ఎవరో నీళ్ల తొట్టి కడుగుతున్నారు, ఇంతేనా అనుకున్నాడు, కోపం వచ్చింది, కోపం కాదు, ఇంకేదో, నాన్న పోయిన రోజు తను దారపు ఉండలు కొనడానికి వెళ్లాడు, వచ్చేసరికి పక్కింటాయన గుమ్మంలో నిలబడి, నాన్న పోయారు, అన్నాడు, చేతిలో ఆరు ఉండలున్నాయి, వీటినెక్కడ పెట్టను అని ఆయన్నే అడిగాడు, పాటా లేదు, వానా లేదు, ఈ రాసినాయనకి అది ఎలా తెలుసు, సీరియల్లో నాలుగు వారాలు చుక్క కన్నీరు రాని మనిషి పిండికీ ఉప్పుకీ మధ్య అరవరసకి ఏడ్చాడు.

ముక్కు తుడుచుకుంటే వరస తేలిపోయింది, ఈ ఫారానికి ముందు తొమ్మిది, ఇదీ దీని తర్వాతవీ కలిపి పదకొండు, తొమ్మిదింటి నిండా మావయ్యగారి ఎర్ర పెన్సిలు గీతలు, ఈ పదకొండులో ఒక్క గీత లేదు, పదకొండు, ఆ అంకె ఎక్కడో తగిలింది, నిన్న మధ్యాహ్నం దుమ్ము దులుపుతూ కొన్ని ఫారాల పైమడతలు కత్తితో తెరిచాడు, పాతకాలం అచ్చు, పైమడత కోయకుండానే అమ్మేవాళ్లు, చదివేవాడే కోసుకోవాలి, తను తెరిచినవి సరిగ్గా పదకొండు, అంటే ఇవి అచ్చయిన రోజు నుంచి నిన్నటిదాకా ఎవరూ తెరవలేదు, అంటే, అని బైండరు స్టూలు మీద వెనక్కి వాలబోయి స్టూలుకి వెనక ఏమీ లేదని గుర్తొచ్చి ఆగాడు, అందుకా, మొదటి వారాల్లో ప్రతి ప్రకటనకీ, నవలలో ఇలా లేదయ్యా, అంటూ లేచిన మావయ్యగారి వేలు పదో వారం నుంచీ లేవకపోవడం, ఆఁ, బాగానే తీశాడు, అని సర్దుకోవడం, పద్దెనిమిదేళ్ల భయం కడుపులోంచి నవ్వుగా బయటికొచ్చింది, పగలబడి నవ్వి, నవ్వు సగంలో ఉండగా రేపటి హాలు కళ్ల ముందు కట్టింది, పెద్దాయన ఈ పుస్తకం ఎత్తి చూపిస్తూ, ఆఖర్న వానలో సేనాపతి, అని మొదలుపెడతారు, ఎదురుగా చదివినవాళ్లుంటారు, అమ్మో.

అయిదు కాకుండానే వచ్చేశారు, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే బల్ల చూశారు, ఏమయ్యా, ఏమిటిది, పుస్తకమా, దూదా, అన్నారు, తప్పు కుట్టానండీ, సీరియల్ వరసలో కుట్టేశాను, అన్నాడు, సీరియల్ వరసయితే తప్పేమిటయ్యా, నవల వరసా అదే కదా, అని, అన్నాక ఆయన గొంతు ఎందుకో కిందికి దిగింది, మడతల సంగతి బైండరు నాలుక చివర సిద్ధంగా ఉంది, కోయలేదేం మావయ్యగారూ అనే ఒక్క మాట, అంటే చాలు, పద్దెనిమిదేళ్లు చెల్లు, కానీ ఆయన చేతిలో రేపటి ఉపన్యాసం కాగితాలు, నీట్‌గా నాలుగు మడతలు, వాటిని విప్పి మళ్లీ మడుస్తున్నారు, ఇది చూడండి మావయ్యగారూ, ఉప్పు దగ్గర, అని ఆ ఫారం అందించాడు, ఆయన నిలబడే చదివారు, చదివి కూర్చున్నారు, పోయాడా, అన్నారు, ఇంత తొందరగానా, ఆ మాటలో హెడ్మాస్టరు ఎక్కడా లేడు, బైండరు దీపం ఆయనవైపు జరిపి తర్వాతి ఫారం తను తీసుకున్నాడు, కాసేపటికి, తర్వాతది ఏదయ్యా, అని చెయ్యి చాచారు, ఉండండి మావయ్యగారూ, ఇంకో రెండు పేజీలు, అన్నాడు, ఆయన్ని ఉండమనడం ఇదే మొదలు, ఆయన నిజంగానే ఉన్నారు, మెడ సాచి తలకిందులుగా చదవబోతూ, ఆ కొట్టు ఆవిడేమైంది, ఉందా, అదొక్కటి చెప్పు, అన్నారు, చెప్పనండి, మీరే చదవండి, అని పూర్తి చేసి అందించి ఇంకోటి తీసుకున్నాడు, పొద్దున్న కుట్టొచ్చు, ఎనిమిదింటికి మొదలెడితే పదింటికి హాలుకి అందుతుంది, ఇప్పుడైతే సూది జోలికి పోనక్కర్లేదు, కుట్టిన పుస్తకాన్ని ఒక్కరే చదవగలరు, విప్పిందైతే ఇద్దరికీ సరిపోతుంది.