నారమ్మను పిలిచిన రేడియో

పొద్దున్నే ఝరాసంగం బస్సు దిగి, రొట్టెల మూట చంకన పెట్టుకుని కంపెనీ గేటు దాటేది భాగీరథి. జహీరాబాద్ ఊరి చివర రేకుల షెడ్డు అది. లోపల ఆడవాళ్ళు వరుసగా కూర్చుని రేడియోలకు వైర్లు అతికించేవాళ్ళు. చివరి బల్ల భాగీరథిది. తయారైన రేడియోను కరెంటుకు తగిలించి వినడం ఆమె పని.

స్టేషను తగలకముందు ప్రతి రేడియో కాసేపు తాను పోబోయే ఇంటి మాటలు మాట్లాడేది. "ఎంత మంచిగ వినొస్తుందే!" అని ఎవరో మురిసేవారు. "దీని మొహం మండ, మళ్ళ గురగురమంటుంది," అని ఎవరో తిట్టేవారు. మురిసినదానికి పాస్ చీటీ అంటించేది, తిట్టినదాన్ని విప్పే బల్ల మీదికి పంపేది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు అమర్నాథ్ మొదటి రోజు విని, "మంచిదే, గిరాకి ఏమంటడో ముందే తెలుస్తది," అని తన పనిలో పడిపోయాడు. ఆ కంపెనీ రేడియో వాపసు రాదని బీదర్ దాకా దుకాణాల్లో పేరు.

ఎనభై ఒకటిలో వానలు మొదలయ్యాక మదన్‌మోహన్ మేనేజరుగా వచ్చాడు. చెడ్డవాడేం కాదు. అందరినీ పేరు పెట్టి పలకరించేవాడు, షెడ్డులో ఫ్యాన్లు పెట్టించాడు. కానీ దసరాకల్లా సరుకు కావాలని పైవాళ్ళు మెడ మీద కూర్చుంటే, లోపల కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్లు చౌక రకం తెప్పించాడు. అప్పటినుంచి భాగీరథి బల్ల మీద తిట్లు ఎక్కువయ్యాయి.

ఒక మధ్యాహ్నం ఒక రేడియోలో తిట్టూ లేదు, మురిపెమూ లేదు. గిన్నె దొర్లిన చప్పుడు వచ్చింది. తర్వాత ఒక ముసలాయన గొంతు.

"నారమ్మా... ఓ నారమ్మా... కండ్లు తెరువు బిడ్డా."

భాగీరథి మేనేజరును పిలిచింది. ఆయన విన్నాడు. మెల్లగా చెయ్యి చాపి సౌండు తగ్గించాడు.

"ఇవన్నీ పట్టించుకుంటె కంపెనీ నడవదు, భాగీరథమ్మా. హైదరాబాద్ హెడ్డాఫీసుల సూపర్‌వైజర్ జాగ ఖాళీ ఉంది. నీ పేరే చెప్త. ఈ మాల్ మాత్రం పాస్ చెయ్యి."

ఆమె మొగుడు రామ్‌కిషన్ హైదరాబాద్‌లో మిల్లు పని చేసేవాడు. పండుగలకే ఇంటికొచ్చేవాడు. ఆ మాట వినగానే ఆమె మనసు పట్నంలో ఒక గది అద్దెకు తీసుకుని పొయ్యి కూడా పెట్టుకుంది. ఆ ఒక్క రేడియోను బల్ల కింద దాచి, పైన గోనె కప్పి, మిగతావాటికి చీటీలు అంటించింది.

మర్నాడు వచ్చి చూస్తే గోనె ఉంది, రేడియో లేదు. లారీ తెల్లారకముందే పోయిందన్నారు.

రొట్టెల మూట బల్ల మీదే వదిలేసి బజారుకు పరుగెత్తింది. దుకాణంలో చెన్నబసప్ప డబ్బాలు సర్దుతున్నాడు.

"అన్నా, పొద్దుగాల దిగిన మాల్ ఏమన్న అమ్మిన్రా?"

"బోణీ అయిందమ్మా. మొగుడంపల్లి ముసలాయన కోడలికని తీస్కపోయిండు. ఏం పేరో అన్నడు... ఆఁ, నారమ్మ."

మొగుడంపల్లిలో బస్సు దిగి ఆ ముసలాయన ఇల్లు అడిగేలోపే పాట వినిపించింది. పాట వెంబడే పోయింది. తలుపు తీసి ఉంది. గోడకు కొట్టిన చెక్క మీద రేడియో. కింద ఒకామె గిన్నెలు తోముతోంది. పాట సన్నబడింది. ఆమె లేచి, తడి చేత్తోనే రేడియో సౌండు పెంచే ఇనుప బిళ్ళను తిప్పబోయింది.

"ముట్టకూ!"

భాగీరథి అరుపుకు ఆమె ఉలిక్కిపడింది. కాలు తగిలి గిన్నె దొర్లింది. లోపలి మంచం మీంచి ముసలి గొంతు వచ్చింది.

"నారమ్మా... ఏమైంది బిడ్డా?"

అదే గొంతు. మాటే వేరు.

"ఏం కాలే మామా, ఎవరో అక్క వచ్చింది," అంది నారమ్మ, బిత్తరపోయి చూస్తూ.

భాగీరథి వైరు పీకి, అక్కడే కూలబడింది. "కంపెనీ నుంచి వచ్చిన చెల్లే. ఇది ఖరాబుంది, ముట్టుకుంటె షాక్ కొడ్తది. బదులు మంచిది పంపుతరు. జర నీళ్ళియ్యి."

కంపెనీ పంపుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆ రేడియోను భాగీరథి బల్ల మీద చూసి మదన్‌మోహన్ కోపంగా వచ్చాడు. "ఎవరినడిగి తెచ్చినవు? వాపసు వచ్చిందని నలుగురికి తెలిస్తె కంపెనీ ఇజ్జత్ ఏం గావాలె? సాయంత్రం నేనే మా ఇంటికి తీస్కపోత. అమ్ముడుపోయిందనే అనుకో."

భాగీరథి రేడియోకు కరెంటు తగిలించింది.

ముసలాయన గొంతు లేదు. గాజుల చప్పుడు వినిపించింది, తర్వాత ఒక ఆడగొంతు.

"ఏమండీ... ఏమండీ... ఒక్కసారి పలకండీ..."

భాగీరథి ఆ గొంతు ఎన్నడూ వినలేదు. మదన్‌మోహన్ మొహం చూసి ఎవరిదో తెలుసుకుంది. షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. ఆయన వంగి, స్విచ్చు నొక్కి రేడియో ఆపేశాడు.

మధ్యాహ్నానికి లారీ బయల్దేరింది, దుకాణం దుకాణం తిరిగి ఆ సరుకంతా వెనక్కి తెచ్చింది. మొగుడంపల్లికి మంచి రేడియో ఒకటి పోయింది. ట్రాన్స్‌ఫార్మర్లు మళ్ళీ పాత రకమే వచ్చాయి. సరుకు ఆలస్యమైనందుకు పైవాళ్ళు మదన్‌మోహన్‌ను ఏమన్నారో ఎవరికీ తెలియదు. సూపర్‌వైజర్ జాగ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రామ్‌కిషన్ దసరాకు వచ్చి, పండుగ కాగానే పోయాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే మదన్‌మోహన్ చివరి బల్ల దగ్గర ఆగాడు.

"భాగీరథమ్మా, ఆ రోజు ఆమె పిలిస్తే... నేను పలికిన్నా?"

భాగీరథి కొంగు సవరించుకుంది.

"మీరు బంద్ చేసిన్రు గద సార్."