అత్తగారి ఖాళీ పళ్ళెం

నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను కాబట్టి నిదానం. చదివేవాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టాలి.

మా పై వాటాలో ఉండే రాదిమ్ తాళాలు బాగుచేస్తాడు. మా బ్రనో ఊళ్ళో అతని చేతికి లొంగని తాళం లేదంటారు. ఆ డిసెంబరులో మాత్రం అతన్ని సుషీ లొంగదీసుకుంది. చిన్న పుల్లటి అన్నం ముద్ద, దాని మీద ఓ చేప ముక్క. అంతే కదా అనుకున్నాడు పాపం.

అతని భార్య సనాయె జపాన్ మనిషి, నాటకశాలలో వయొలిన్ వాయిస్తుంది. ఆమె తల్లి తోకియె నవంబరు చివర్లో వచ్చింది. సముద్రం ఒడ్డున చేపల కొట్టు నడిపిన మనిషి. వేసవిలో మొగుడు పోయాక తిండి మీద ధ్యాస పోయింది. విమానం దిగేసరికి ఆమె ఒంటి మీద కోటు వంకెకి తగిలించినట్టు వేలాడుతోంది.

ఆ సాయంత్రమే సనాయె మొగుణ్ణి వంటింట్లోకి లాగింది.

"అమ్మని వసంతం దాకా ఇక్కడే ఉంచుకోవాలి. ఒంటరిగా పంపితే చలికాలమంతా టీ నీళ్ళతో గడిపేస్తుంది."

"ఉండమని చెప్పు."

"చెప్తే వినే రకమా? క్రిస్మస్ అవగానే పోతానంటోంది. ఇక్కడ నాలుగు మెతుకులు ఇష్టంగా తిన్నదంటే తనే ఉంటుంది."

"ఇంతేనా? తినిపించే పూచీ నాది," అన్నాడు రాదిమ్.

అలా అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నాడో.

సనాయెకి క్రిస్మస్ దాకా ఊపిరాడనంత పని. మధ్యాహ్నాలు దుకాణం మూసి, అత్తగారిని రాదిమే బయటికి తీసుకెళ్ళాలి. అతనికి ఆమె భాష రాదు, ఆమెకి ఇతని భాష రాదు. జపాన్ మనిషికి జపాన్ తిండే పెట్టాలని, మంచి సుషీ ఎక్కడ దొరుకుతుందని ఊరంతా అడిగాడు. తెలీదని ఒక్కరూ అనలేదు, అదే వచ్చిన చిక్కు. ఒకడు చెప్పినచోట తింటే ఆసుపత్రికేనన్నాడు ఇంకొకడు. పక్క దుకాణం జ్‌డెన్యెక్ అయితే ఏకంగా నవ్వాడు.

"సముద్రం ఎక్కడుందిరా మనకి? రెండు దేశాలు దాటాలి. ఆ చేప లారీలో మనకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగొచ్చి ఉంటుంది. సాసేజి పెట్టు ఆవిడకి."

"నువ్వు నోరు మూసుకుని మంచి హోటలు ఉంటే చెప్పు."

"ఒకటుంది. మా మరదలు మెచ్చుకుంది. ఫోన్ చేసి చూడు."

చేశాడు. జనవరి ఆఖరు దాకా ఒక్క కుర్చీ ఖాళీ లేదన్నారు.

మొదట ఆమెని బజారు భవనంలో ఉన్న హోటలుకి తీసుకెళ్ళాడు. అక్కడ పళ్ళేలు పట్టీ మీద గిరగిరా తిరుగుతాయి, నచ్చింది తీసుకోవడమే. అన్నం ఫ్రిజ్‌లోంచి తీసిందేమో, గట్టిగా సబ్బుబిళ్ళలా ఉంది. ఒక పళ్ళెంలో చేపకి బదులు అరటిపండూ మీగడా. రాదిమ్‌కే మింగుడు పడలేదు. తోకియె మాత్రం వీపు నిటారుగా పెట్టుకుని మొదలుపెట్టి, ఆఖరి మెతుకు దాకా తినేసి, చేతులు జోడించి తల వంచింది.

రాదిమ్ గుండె నిండిపోయింది. ఇంకో రెండు పళ్ళేలు తీసి ముందు పెట్టాడు. అవీ ఖాళీ చేసింది.

"తిన్నది! పళ్ళెం నాకినట్టు తిన్నది!" అని భార్యకి ఫోన్ చేసి చెప్పాడు.

మర్నాడూ అక్కడికే. ఆ మర్నాడూ అక్కడికే. తర్వాత మార్పు కోసం పాతబస్తీలో నల్ల గోడల హోటలుకి తీసుకెళ్ళాడు. కూర్చోగానే వెయిటరు, "ముందు సూప్ తెమ్మంటారా?" అన్నాడు.

"సుషీకి సూప్ ఏంటయ్యా?"

"మధ్యాహ్నం సూప్ లేకుండా ఎవరన్నా భోంచేస్తారా సార్?"

తర్వాత చేపముక్కా అన్నమూ కలిపి రొట్టెపొడిలో దొర్లించి, మాంసం వేయించినట్టు వేయించి, పైన తియ్యటి సాస్‌తో చారలు గీసి, కత్తీ ఫోర్కుతో సహా తెచ్చిపెట్టాడు. తోకియె ఒక్క క్షణం దానికేసి చూసింది. తర్వాత తినేసింది, మొత్తం. రాదిమ్ ఇంకోటి తెప్పించాడు.

ఇంటి దగ్గర మాత్రం రాత్రి పూట ఆమె ఏమీ ముట్టుకోవడం లేదు. "మధ్యాహ్నం కడుపు నిండా తింది కదా," అనేవాడు రాదిమ్. రెండు వారాలు తిరిగేసరికి ఆమె క్రిస్మస్‌కి ముందే పోయేలా టిక్కెట్టు మార్చడం కుదురుతుందేమో కనుక్కోమంది కూతుర్ని.

సనాయె ఆ రోజు రిహార్సలు ఎగ్గొట్టి వాళ్ళ వెంట బయల్దేరింది. మళ్ళీ పళ్ళేలు తిరిగే హోటలే. తల్లి పళ్ళెం ఖాళీ అవుతోంది, మొగుడు నింపుతున్నాడు, ఖాళీ అవుతోంది, నింపుతున్నాడు. తల్లి నుదుటి మీద చెమట పడుతోంది. మూడోసారి రాదిమ్ చెయ్యి చాపేసరికి సనాయె ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"ఇష్టంగా తింటోంది కదా, పెడుతున్నాను."

"ఇష్టమా! మా ఇంట్లో మెతుకు వదలరు, తెలుసా? ఎదుటివాళ్ళు పెట్టింది విషమైనా సరే, మిగిలిస్తే వాళ్ళని అవమానించినట్టు. నువ్వు పెడుతున్నంతసేపూ ఆవిడ తింటూనే ఉంటుంది, కళ్ళు తిరిగి పడేదాకా!"

రాదిమ్ నోరు తెరిచాడు. "మా ఇంట్లో పళ్ళెం ఖాళీ అయిందంటే ఇంకా కావాలని. చాలనుకుంటే కాస్త వదిలేస్తాం. మా అమ్మ అలాగే పెట్టేది."

"అందుకే నీ పొట్ట అలా ఉంది."

"మరి బాగాలేదని నాకెలా తెలుస్తుంది?"

"తెలీకూడదనే కదా తినేది!"

"ఇదెక్కడి గోలే బాబూ! తింటే బాగాలేదా, తినకపోతే బాగుందా? పోనీ నువ్వన్నా చెప్పొచ్చుగా!"

"నేనడిగితే పళ్ళేలు చాలా అందంగా ఉన్నాయంది. సుషీ గురించి అడిగితే పళ్ళేల గురించి చెప్పినప్పుడే నాకు అర్థమవ్వాల్సింది. బుద్ధి తక్కువై ఊరుకున్నాను!"

తోకియె లేచి కోటు వేసుకుంది. ముగ్గురూ బయటపడ్డారు. మొగుడూ పెళ్ళాలు వీధి పొడుగునా పోట్లాడుకుంటూ నడిచారు, అతను తన భాషలో, ఆమె రెండు భాషల్లోనూ. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ముసలావిడ లేదు.

పేవ్‌మెంటు మీద నీలం తొట్టెలు వరసగా ఉన్నాయి. క్రిస్మస్ ముందు ఎప్పుడూ ఉండేవే. నిండా బతికున్న కార్పు చేపలు, మా ఊళ్ళో ఆ పండక్కి ఇంటింటా వండే మంచినీటి చేపలు. తోకియె కోటు చేతులు మోచేతుల పైకి మడిచి, ఆ మంచునీళ్ళలో చేతులు పెట్టి ఉంది.

"ఓయమ్మో, ఈవిడెవరు?" అంటోంది రబ్బరు ఏప్రాన్ కట్టుకున్న చేపలామె. "నేను తీసింది ఒక్కటీ నచ్చట్లేదు. నోరు తెరిచి చూస్తుంది, మొప్పలెత్తి చూస్తుంది, మళ్ళీ నీళ్ళలో పడేస్తుంది. సంబంధం చూడ్డానికొచ్చావా బామ్మా?"

తోకియె ఒకదాన్ని రెండు చేతులా ఎత్తింది. చేపలామె సుత్తి అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, కూతురితో ఏదో గబగబా అంది. ఊరొచ్చాక ఆమె అంత పొడుగు మాట మాట్లాడ్డం అదే మొదలు.

"బతికుండగానే కావాలట," అంది సనాయె. "బురద వాసన పోయేదాకా మంచినీళ్ళలో ఉంచాలట. తొట్టె ఏదన్నా ఉందా అంటోంది."

"స్నానాల తొట్టె ఉందిగా," అన్నాడు రాదిమ్. "మా నాన్న కూడా అందులోనే ఉంచేవాడు."

అల్లుడి మాట తర్జుమా అయ్యేసరికి తోకియె అతనికేసి కాస్త మర్యాదగా చూసింది, మొదటిసారి.

చేప స్నానాలగదిలో ఉన్నన్నాళ్ళూ రాదిమ్ జ్‌డెన్యెక్ ఇంటికెళ్ళి స్నానం చేసొచ్చాడు. అత్తగారు పొద్దునా సాయంత్రం నీళ్ళు మార్చింది. కోసే రోజున వంటింటి కత్తి పదును వేలితో చూసి, దాన్ని అల్లుడి ముందు బల్ల మీద పెట్టింది. అతను దుకాణానికి తీసుకెళ్ళి సానబట్టి తెచ్చాడు. ఆమె ఉల్లికాడ మీద పెట్టి చూసి తలూపింది.

"అత్తయ్యగారూ, మేమైతే వేయించి బంగాళాదుంప సలాడ్‌తో..." అని మొదలుపెట్టాడు. ఆమె అతని చేతికి పాత వార్తాపత్రిక ఇచ్చి, వేడన్నం ఆరేలా విసరమని సైగ చేసింది. చెయ్యి నొప్పెట్టేదాకా విసిరాడు.

"పచ్చిదేనా పెట్టేది?" అని భార్యని అడిగాడు భయంగా.

"నది చేప పచ్చిగా పెట్టి నిన్ను చంపమంటావా అంటోంది."

అల్లంతో, సోయా సాస్‌తో దగ్గరగా ఉడికించిన ముక్కల్ని రొట్టెలు కాల్చే డబ్బాలో పరిచి, పైన పుల్లన్నం వేసి అదిమి, బోర్లించి ముక్కలుగా కోసింది. అన్నం గోరువెచ్చగా ఉంది. నోట్లో పెట్టుకోగానే విడిపోయింది. రాదిమ్ వంచిన తల ఎత్తలేదు. పళ్ళెం ఖాళీ చేశాడు. ఆమె నింపింది. ఖాళీ చేశాడు, నింపింది.

"చాలనిపిస్తే కాస్త వదిలెయ్, మీ అమ్మ పద్ధతిలో," అంది సనాయె.

"వదిలితే బాగాలేదనుకోదూ?" అన్నాడు చెమటలు కక్కుతూ.

అప్పుడు చూశారు ఇద్దరూ. తోకియె తన పళ్ళెం ఎప్పుడో ముగించింది. ఎవరూ వడ్డించకుండా, తనంతట తను చెయ్యి చాపి, ఇంకో ముక్క తీసుకుంటోంది. తింటూ కూతురితో నింపాదిగా ఏదో చెప్పింది. సనాయె చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

"ఏమంటోంది?"

"వాళ్ళ అమ్మమ్మది కొండ ప్రాంతమట, సముద్రమే చూడలేదట. నది చేపని ఉప్పేసి, అన్నంలో పూడ్చి, మీద రాయి పెట్టి ఊరనిచ్చేదట. అసలు సుషీ అంటే అదేనంటోంది. రేపు ఆ చేపలామె తొట్టెలు ఎత్తేసి వెళ్ళిపోకముందే నిన్ను ఇంకో నాలుగు తెమ్మంటోంది."

"నాలుగా! ఎప్పటికి తయారవుతుందట?"

సనాయె తల్లిని అడిగింది. జవాబు విని, కళ్ళు తుడుచుకుంది.

"చలి తగ్గి, చెట్లు పూసేదాకా కాదట. అప్పటిదాకా ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి కదా అంటోంది."

రాదిమ్ కుర్చీలో వెనక్కి వాలాడు. మళ్ళీ ఎందుకో అనుమానమొచ్చి ముందుకి వంగాడు.

"అది వాసనొస్తుందా?"

తోకియెకి ఆ ముక్క ఎవరూ తర్జుమా చెయ్యలేదు. అయినా ముక్కు పట్టుకుని, కళ్ళు చికిలించి, పగలబడి నవ్వింది.

"ఖర్మ!" అని లేచాడు రాదిమ్, రేపటి చేపలకి బకెట్టు వెతకడానికి.

మార్గిత, డెబ్బై మూడేళ్ళు. ఇప్పటికీ బ్రనోలో, అదే ఇంటి కింది వాటాలో ఉంటున్నాను.