మేడం గుండె చప్పుడు

ఫిజీషియన్ అసిస్టెంటుగా పదహారేళ్లు వార్డుల్లో తిరిగి, ఆ తర్వాత అదే చదువు చెప్పే కాలేజీలో చేరింది ఆవిడ. డాక్టరు చేసే పనిలో చాలామటుకు చేస్తుంది, డాక్టరు మాత్రం కాదు. మొగుడు సరదాకి "ముప్పావు డాక్టరు" అనేవాడు. ఆ పాతిక వంతు ఉక్రోషం విద్యార్థుల మీద తీరేది. ఎవరైనా నసిగితే చాలు, విన్నది చెప్పండి, వినాలనుకున్నది కాదు అని కళ్లెర్రజేసేది.

ప్రాక్టికల్ పరీక్ష నాడు, రోగిగా పడుకుంటానని ఒప్పుకున్న పెద్దాయన పొద్దున్నే ఫోన్ చేసి, ఒంట్లో బాగోలేదు, రాలేనన్నాడు. ప్రిన్సిపాల్ తల పట్టుకున్నాడు. వరండాలో ఇరవై తెల్లకోట్లు బారులు తీరి ఉన్నాయి. చేసేది లేక ఆవిడే మంచమెక్కింది. బాగున్న గుండెను బాగుందని చెప్పడం కూడా పరీక్షే కదా అంది.

ఒక్కొక్కరే వచ్చారు. స్టెతస్కోపు ఆనించీ ఆనించకముందే "నార్మల్" అని రాసి, కాళ్లకు మొక్కినంత పని చేసి వెళ్లారు. చివర వచ్చింది రెండుసార్లు తప్పిన అమ్మాయి. క్లాసులో నోరు విప్పదని తోటివాళ్లు 'మౌనవ్రతం' అని పిలిచేవారు. ఆ పిల్ల ఒకచోట ఆగిపోయింది. ఎడమ పక్కకి తిరగమంది, ఊపిరి బిగబట్టమంది. ఆవిడకి విసుగొచ్చింది.

"మర్మర్ ఉంది మేడం. చప్పుళ్ల మధ్య బుసలా వినిపిస్తోంది. వాల్వు సరిగా మూసుకోవట్లేదేమో."

"నా గుండె సంగతి నాకు తెలియదా?"

"మీరు విన్నదే చెప్పమన్నారు కదా మేడం."

ఆ పిల్లకి సున్నా పడింది. తక్కిన పందొమ్మిది మందికీ నిండు మార్కులు.

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే మనసు ఊరుకోలేదు. స్టెతస్కోపు తన గుండెకే పెట్టుకుంది. మొదట ఏమీ లేదనుకుంది. ఎడమ పక్కకి ఒత్తిగిలి విన్నాక లేచి కూర్చుండిపోయింది. ఆ పిల్ల చెప్పిన బుస నిజమే.

మర్నాడు గుండె డాక్టరు స్కాన్ చేసి, లీకు కొద్దిగానే ఉంది, ఏటేటా చూపించుకుంటే చాలన్నాడు. ఎవరు కనిపెట్టారని అడిగాడు.

"నేను ఫెయిల్ చేసిన పిల్ల," అంది ఆవిడ.

ఆ ఒక్క పిల్లనీ పాస్ చేసి గప్‌చుప్‌గా ఊరుకోమని ప్రిన్సిపాల్ బతిమాలాడు. ఆవిడ వినలేదు. తన స్కాన్ రిపోర్టు నోటీసు బోర్డుకి అంటించి, పందొమ్మిది మందికీ మళ్లీ పరీక్ష అని రాసింది. తర్వాత ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి తప్పు తనదేనంది.

"పర్లేదు మేడం. ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగింది ఆ పిల్ల. ఆ కాలేజీలో ఆవిడని ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

ఈసారి మొగుణ్ణి మంచమెక్కించింది. అతని గుండె నిక్షేపంలా ఉందని గుండె డాక్టరు దగ్గర ముందే రూఢి చేసుకుంది. పందొమ్మిది మందీ అతన్ని ఎడమకి తిప్పారు, ఊపిరి బిగబట్టించారు, కళ్లు మూసుకుని మరీ విన్నారు. పద్నాలుగు మంది మర్మర్ ఉందని రాశారు. అందులో ఇద్దరు ఆపరేషన్ తప్పదన్నారు.

మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నిజంగా ఏం లేదు కదూ?" అన్నాడు.

ఏమీ లేదని ఆవిడ మూడుసార్లు చెప్పింది. అతను తలాడించాడు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, ఆవిడకి చెప్పకుండా, వెళ్లి స్కాన్ తీయించుకున్నాడు.