గ్లాసుకు అంటిన పాలు

ఎండ నెత్తికెక్కింది. క్యానులో మిగిలిన పాలు విరిగిపోతాయేమోనన్న భయంతోనే సక్కుబాయి లాల్‌దర్వాజా బడి గుమ్మం ముందు గంటసేపు నిలబడింది. ఎనిమిదేళ్ల కూతురు రాజమణిని మూడో తరగతిలోంచి లేపి, అ ఆలు దిద్దే పిల్లల మధ్య కూర్చోబెట్టారని కబురొచ్చింది.

హెడ్‌మిస్ట్రెస్ విమలాదేవి ఎర్రసిరాతో రాసిన కాగితం పట్టుకుని వచ్చింది. ట్రైనింగులో కొత్తగా నేర్చుకొచ్చిన పరీక్ష అది. రెండు ఒకే రకం గ్లాసుల్లో సమంగా నీళ్లు పోస్తారు. పిల్ల కళ్లముందే ఒక గ్లాసు నీళ్లు వెడల్పు గిన్నెలోకి వంచి, ఎందులో ఎక్కువున్నాయని అడుగుతారు. రెండూ సమానమంటే బుద్ధి ఎదిగినట్టు.

"నీ బిడ్డ గిన్నెల తక్కువున్నయన్నది. నాలుగేండ్ల పిల్లలనే మాట గిది. బుద్ధి ఎదగలే సక్కుబాయీ. పాలమ్ముకునేటోళ్ల ఇండ్లల్ల గింతకంటె ఏమొస్తది? వచ్చే ఏడు సీటియ్యలేం."

ఎందుకు తక్కువన్నావని పిల్లను ఒక్క మాట అడగాలని మాత్రం ఆ మహాతల్లికి తోచలేదు.

దారిలో సక్కుబాయే అడిగింది.

"గ్లాసుకు అంటుకున్నయ్ గదమ్మా," అంది రాజమణి ఏడుస్తూ. "పోసినప్పుడల్లా కొంచెం పోతది. ఊకె గిన్నెలు మార్చొద్దని నువ్వే చెప్పినవ్ గద."

బిడ్డకు తాను నేర్పిన తెలివి మీదే ఎర్రసిరా పోశారు. ఆ టీచరమ్మ సంగతి రేపు చూస్తా అనుకుంది సక్కుబాయి.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని, కావాలనే ఆలస్యంగా, తొమ్మిది దాటాక, తాను రోజూ పాలు పోసే విమలాదేవి ఇంటి అరుగు మీద క్యాను దించింది. పదింటికి బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అతని ఛాయ్‌కి విమలాదేవి మూడు లీటర్ల పాలు చెప్పి ఉంది. గిన్నెలు పట్టుకుని విసుక్కుంటున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లకు ముందు పోసింది. విమలాదేవి వంతు రాగానే అర్ధలీటరు కొలత నిండా ముంచి చెంబులోకి వంచింది. చెంబులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, మళ్లీ కొలతలోకి. పాలు అంచును అందలేదు. వెళ్లబోతున్న ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు.

"ఏమే, గిదేం కొలత? తక్కువున్నయ్ గద!"

"ఎందుకు తక్కువైనయ్ టీచరమ్మా?"

"గిన్ని గిన్నెలు తిప్పితే అంటుకోవా? గింత తెల్వదా నీకు?"

"నాకు తెల్సు. నా బిడ్డకు గూడ తెల్సు. గదే మాటకు బుద్ధి లేదని రాసినవ్. మరి నీ బుద్ధికి ఎన్నేండ్లు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. విమలాదేవి ముఖం కందిపోయింది. ఆ ముఖం చూస్తుంటే సక్కుబాయికి నిన్న తిన్న ఎండంతా దిగిపోయినట్టు హాయిగా ఉంది.

"సరేలే, ఇన్‌స్పెక్టర్ పోయినంక మాట్లాడుదాం. ముందు పాలు పొయ్యి."

"పొయ్య."

కొలతలోని పాలు క్యానులో వంపి, మూత బిగించి, దాని మీద చెయ్యి వేసి సక్కుబాయి అరుగు మీదే కూర్చుంది.

"కాగితం తెచ్చి, గా ఎర్రసిరా రాత నీ చేత్తోనే కొట్టెయ్. గప్పుడే మూత దీస్త."

లోపల పొయ్యి మీద ఛాయ్ నీళ్లు మరుగుతున్నాయి. కింది మెట్టు మీద రాజమణి మూడో తరగతి వాచకం తెరిచి, వీధంతా వినబడేలా చదవడం మొదలుపెట్టింది.